తీసేయొద్దన్న షరతు

అన్‌ఫిట్ అనే మాట వింటే మా కాలనీలో మనుషుల ముఖాలు విప్పారతాయి. బయటి ఊళ్లవాళ్లకు చెబితే నవ్వుతారు గానీ నిజం. బొగ్గు బాయిలో పనిచేసే మనిషి ఇంక కిందికి దిగలేడని కంపెనీ మెడికల్ బోర్డు తేల్చితే ఆయన అన్‌ఫిట్. ఆయన ఇంటికొస్తాడు, కొడుక్కో కూతురికో ఆయన బదులు ఉద్యోగం వస్తుంది. అందుకే మా గోదావరిఖనిలో ఎవరైనా "మా బాపు అన్‌ఫిట్ అయిండు" అంటే అయ్యో అనేవాళ్లు ఉండరు. "మరి దావత్ ఎప్పుడు?" అంటారు. రోగానికి దావత్ అడిగే ఊరు ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు. నేను ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. ఫిట్, అన్‌ఫిట్ వ్యతిరేక పదాలని బోర్డు మీద రాసినప్పుడల్లా క్లాసులో గుసగుసలు మొదలవుతాయి. ఆ రెండిట్లో మంచిది ఏదో మా పిల్లలకు నేను చెప్పక్కర్లేదు.

మా బాపు పేరు బుచ్చన్న. బాయిలో పైకప్పు కూలకుండా దన్నులు పెట్టే పని ఆయనది. మోకాళ్లు అరిగాయి, నడుము వంగింది, దగ్గు మొదలైతే ఆయన భార్య, మా అవ్వ లింగవ్వ లేచి కూర్చుంటుంది. అయినా ఆయన బోర్డు ముందుకు పోయిన ప్రతిసారీ ఫిట్ అని తిప్పి పంపారు. తప్పు ఆయనదేనని కాలనీ అంతా తిట్టింది. డాక్టరు పేరు పెట్టి పిలవగానే హాజరు పిలిచే మస్టర్‌లో నిలబడ్డట్టు నిటారుగా నిలబడి, "మంచిగనే ఉన్న సార్" అన్నాడట. మర్యాద ఎక్కువ. చివరికి ఉద్యోగం దిగిపోయే వయసు దగ్గర పడింది, అట్లాంటివాళ్లను బోర్డు చూడదు, ఆ దారి కూడా మూసుకుపోయింది. కొడుక్కి ఉద్యోగం ఇప్పించలేకపోయాననే బాధ ఆయన్ను బాయి కన్నా ఎక్కువ తిన్నది.

ఆ కొడుకు మా రుత్విక్. ఇరవై ఏళ్లు. చదువు అబ్బలేదు, పనుల్లో పెడితే నిలవలేదు. కానీ వాడి ఎడమకాలికి బంతి తగిలితే స్టేడియం మెట్ల మీద పేకాడేవాళ్లు కూడా ముక్కలు కింద పెట్టి చూసేవాళ్లు. నేను అక్కనని పొగడటం లేదు, వాణ్ని నేను తిట్టినంతగా ఎవరూ తిట్టలేదు. వాడికి ఫుట్‌బాల్ ఒక్కటే వచ్చు. అది దొరికితే బతుకుతాడు, దొరక్కపోతే కాంట్రాక్టు పనిలో కరెంటు ప్లాంటు బూడిద లారీలు తోలుకోవాలి. ఇంతే సంగతి, మా ఇంట్లో అందరికీ తెలుసు.

పోయిన ఎండాకాలం రాష్ట్ర టోర్నీలో వాడి ఆట చూసి ముచుకుందా ఎఫ్‌సీ అనే హైదరాబాదు క్లబ్బు కబురు పంపింది. ముచుకుంద అంటే మూసీ నదికి పాత పేరట. పేరు పాతదే, బుద్ధులే కొత్తవి. మూడేళ్లకని సంతకం పెట్టించుకుంటారు. సీజన్ చివర్లో ఏదో ఒక చిన్న దెబ్బ చూపించి, క్లబ్బు డాక్టరుతో అన్‌ఫిట్ అని రాయించి ఇంటికి పంపుతారు. మిగిలిన రెండేళ్ల జీతం మిగులుతుంది. హైదరాబాదు గ్రౌండ్లలో ఈ సంగతి తెలియని పిల్లవాడు లేడు. అక్కడి తల్లిదండ్రులు ఆ క్లబ్బువాళ్లతో మాట కలిపే ముందే, "ఆ అన్‌ఫిట్ షరతు కొట్టేయండి, తర్వాత కూర్చుందాం" అంటారట. ఆ ఏడాది మంచి ఆటగాళ్లు ముగ్గురు సంతకం దాకా వచ్చి వెనక్కి పోయారు. అందుకే వాళ్ల మేనేజరు కారేసుకుని మా దాకా రావలసి వచ్చింది. ఇదంతా రుత్విక్ స్నేహితులే నాకు ఫోన్లో చెప్పారు.

అదే చెడ్డపేరు మా కాలనీకి చేరేసరికి మంచి పేరైపోయింది. ఎట్లాగంటే, మందమర్రి వీరేందర్ అనే అబ్బాయి అంతకు ముందు ఆ క్లబ్బులోనే ఆడాడు. ఏడాది తిరక్కుండా ఇంటికొచ్చాడు. అదే ఏడు వాళ్లింట్లో కొత్త స్లాబు పడింది. అది వాళ్ల నాన్న దిగిపోయినప్పుడు వచ్చిన డబ్బులతో వేసినది. కానీ మా వాళ్లు రెండిటినీ కలిపి, "పిల్లగాడు అన్‌ఫిట్ అయిండు, క్లబ్బు ఇల్లు కట్టిచ్చింది" అని తేల్చేశారు.

మేనేజరు వస్తాడనగా నేను వీరేందర్‌కు ఫోన్ చేశాను. నిజం వాడి నోటితోనే బాపుకు చెప్పించాలని నా ఆశ.

"అక్కా, నన్నెవ్వలు తీసెయ్యలె. నేనే ఇడిచిపెట్టి వచ్చిన," అన్నాడు.

"అన్‌ఫిట్ అని రాయలేదా?"

వాడు గొంతు తగ్గించి, "అక్కా, నీకు దండం పెడత. ఆ మాట నా పేరు పక్కన పెట్టకు. ఇంకో క్లబ్బోళ్ల చెవుల పడితె నన్ను గడప సుత తొక్కనియ్యరు," అన్నాడు.

అంత స్పష్టంగా చెప్పాడు. నేను అది ఒక్క ముక్క పోకుండా బాపుకు చెప్పాను. బాపు నవ్వాడు.

"పైసలొచ్చినోడు ఊరంత డప్పు కొట్టుకుంటడా బిడ్డా? దాసుకుంటడు."

చెవిటివాడి ముందు శంఖం ఊదితే వాడు కనీసం శంఖాన్నయినా చూస్తాడు. మా బాపు నన్ను చూడను కూడా చూడలేదు, మేనేజరుకు కుర్చీ ఎక్కడ వెయ్యాలా అని చూస్తున్నాడు.

మేనేజరు పేరు వేణుమాధవ్. తెల్ల బూట్లు వేసుకుని మా వీధిలో కారు దిగాడు, ఇంట్లోకి వచ్చేసరికి అవి బూడిదరంగు. కూలరు ముందు కూర్చోబెట్టాం. అవ్వ నిమ్మకాయ నీళ్లు ఇచ్చింది. బాపు పక్కన అంజి కాక కూర్చున్నాడు. అంజి కాక మాకు చుట్టం కాదు, పక్క క్వార్టరు. బాయి మీద యూనియన్ సెక్రటరీగా చేసి దిగిపోయినవాడు. సమ్మెల్లో లాఠీలు తిన్నాడు, మేనేజ్‌మెంటు పెద్దల ఎదురుగా బల్ల గుద్ది మాట్లాడాడు. కాలనీలో పెళ్లి బేరాలైనా పొలం తగాదాలైనా ఆయన కూర్చోకుండా తెగవు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం, కానీ నిజాయితీపరుడు. ఆ మాట నేను ఎప్పుడైనా ఒప్పుకుంటాను.

వేణుమాధవ్ క్లబ్బు గొప్పలు మొదలుపెట్టకముందే బాపు ముందుకు వంగాడు.

"సార్, మీ క్లబ్బుల పిల్లగాండ్లను అన్‌ఫిట్ చేస్తరట గదా?"

వేణుమాధవ్ చేతిలో గ్లాసు పెదాల దగ్గరే ఆగింది. ఈ మాట ఇంత దూరం వచ్చిందా అనుకున్నట్టున్నాడు. "ఎవరు చెప్పారండీ మీకు? అవన్నీ గిట్టనివాళ్లు పుట్టించిన పుకార్లు," అన్నాడు.

"పుకారా?" బాపు ముఖం వాడిపోయింది. "అంటే చెయ్యరా?"

వేణుమాధవ్ బాపును చూశాడు. అంజి కాకను చూశాడు. ఇద్దరి ముఖాల్లోనూ దిగులు. ఎన్నో ఇళ్లలో ఎన్నో తిట్లు తిన్న మనిషి, ఇట్లాంటి దిగులు మాత్రం ఎక్కడా చూసి ఉండడు. కాస్త ఆలోచించి, కాలితో నేల తడిమి చూసుకుంటూ అడుగు వేసినట్టు, "అవసరమైతే చేస్తామండీ. మాకు సొంత డాక్టరు ఉన్నాడు," అన్నాడు.

"అట్ల చెప్పుండ్రి!" అన్నాడు బాపు. ముఖం మళ్లీ వెలిగింది.

నాకు ఒళ్లు మండింది. ఒప్పందం కాగితాలు లాక్కుని, ఆ షరతు తీసి, అందరికీ వినపడేట్టు తెలుగులో చదివాను. ఆటగాడు అన్‌ఫిట్ అని క్లబ్బు డాక్టరు తేలిస్తే ఆ రోజుతో ఒప్పందం రద్దవుతుంది, ఆ తర్వాత క్లబ్బుకు ఏ బాధ్యతా ఉండదు. ఇంతకన్నా తేటగా ఏ భాషలోనూ రాయలేరు.

"బాపూ, మీ బాయిల అన్‌ఫిట్ అంటే ఉద్యోగం వచ్చుడు. ఈడ అన్‌ఫిట్ అంటే ఉద్యోగం పోవుడు. సమజైతుందా?"

అంజి కాక చిన్నగా నవ్వాడు. "బిడ్డా, బాధ్యత మాదే అని ఏ మేనేజ్‌మెంటన్న కాయితం మీద రాసిందా? మా ఒప్పందాలల్ల సుత మొదాలు ఏం లేకుండె. ఆ మాటైతే అండ్ల ఉండాలె, ఉన్నదా లేదా? ఉంటె, ఎన్క మనం కొట్లాడి తెచ్చుకుంటం. వారసత్వం నౌకరీలు గట్లనే వచ్చినయి. ఆకాశం నుంచి పడలె."

అప్పుడు వేణుమాధవ్ నా వైపు తిరిగాడు. ఆ గదిలో కాగితం చదివి అర్థం చేసుకున్నది నేనొక్కదాన్నేనని అతడికి తెలిసింది. నేను అడ్డం పడితే రుత్విక్ చెయ్యి జారిపోతాడనీ, ఉత్త చేతులతో హైదరాబాదు పోతే తనకే నష్టమనీ తెలుసు. జేబులోంచి పెన్ను తీశాడు.

"మేడమ్, మీకు అభ్యంతరమైతే ఈ షరతు కొట్టేస్తాను. నా సంతకం కూడా పెడతాను. ఈ ఏడాది క్లబ్బు నాకు ఆ వీలు ఇచ్చింది."

నేను నమ్మలేకపోయాను. హైదరాబాదులో తండ్రులు తగవులాడి సాధించుకునేది మాకు కుర్చీలో కూర్చుని ఉండగానే వచ్చింది. ఆ క్లబ్బు చెడ్డపేరు ఒక్కసారన్నా ఒకరికి మేలు చేసింది అనుకున్నాను. "కొట్టేయండి," అన్నాను.

పెన్ను కాగితానికి తగలబోతుండగా అంజి కాక అరచెయ్యి వచ్చి కాగితం మీద పడింది.

"ఆగుండ్రి సార్."

"ఏంది కాకా?" అన్నాను.

"మేనేజ్‌మెంటు తనంతల తాను తీసేస్తనన్నదంటే, అది కార్మికునికి పనికొచ్చేదే అయి ఉంటది. నా సర్వీసంత ఇదే చూసిన. వాళ్లు ఉంచుతమన్నది అనుమానించాలె, తీసేస్తమన్నది పట్టుకోవాలె." బాపు వైపు తిరిగాడు. "బుచ్చన్నా, దీన్ని తియ్యనియ్యకు."

"తియ్యకుండ్రి సార్," అన్నాడు బాపు. "మీ కాళ్లు మొక్కుత, అదొక్కటి తియ్యకుండ్రి."

ఇప్పుడు వింటే పిచ్చివాళ్ల మాటల్లా ఉంటుంది. కానీ ఆయన చెప్పింది అబద్ధం కాదు. మా క్వార్టరు, మా కరెంటు, అవ్వ మందులు, అన్నీ అంజి కాక లాంటివాళ్లు ఆ సూత్రం పట్టుకుని గెలిచి తెచ్చినవే. జీవితమంతా పనికొచ్చిన తెలివి ఆ ఒక్క మధ్యాహ్నం ఎదురు తిరిగింది. నేను అరిచాను. కాగితాలు చింపేస్తానన్నాను. అవ్వ నా చెయ్యి పట్టుకుని, "ఊరందరిదొక దారి, ఉలిపికట్టెదొక దారి. మొగపిల్లగాని బతుకుల అడ్డం పడకు బిడ్డా," అంది.

రుత్విక్‌ను చూశాను. వాడికి ఆ క్లబ్బు సంగతి నాకన్నా బాగా తెలుసు.

"నువ్వు చెప్పరా. నీకు తెల్వదా?"

"ఇడువే అక్కా," అన్నాడు. "మంచిగ ఆడేటోన్ని ఎందుకు తీస్తరు? వీరేందర్ అన్న గోల్సే కొట్టలె. నన్ను ఆడనియ్యి, సాలు."

ఇరవై ఏళ్లవాడు అంతకన్నా ఏమంటాడు? ప్రతి కొత్త ఆటగాడూ ఆ క్లబ్బు పాతవాళ్లను మాత్రమే మోసం చేసిందనుకుంటాడు.

వేణుమాధవ్ పెన్ను మూత పెట్టుకున్నాడు. పరిస్థితి అతడికి ఇప్పుడు పూర్తిగా అర్థమైంది. గొంతులో కొత్త బరువు వచ్చింది. "ఈ షరతు ఉంచితే క్లబ్బుకు భారం పెరుగుతుందండీ. మీరు జీతంలో కొంత తగ్గాల్సి ఉంటుంది," అన్నాడు.

మా వాళ్లు ఒప్పుకున్నారు! అంజి కాక ఊరికే కూడా ఒప్పుకోలేదు, కోత సగానికి తగ్గేదాకా బల్ల గుద్ది బేరమాడాడు. గెలిచినట్టు మీసం దువ్వుకున్నాడు. డబ్బులిచ్చి దెబ్బలు కొనుక్కునేవాళ్లను నేను ఆ రోజే చూశాను. రుత్విక్ సంతకం పెట్టాడు. వేణుమాధవ్ కారెక్కుతూ నా ముఖం చూడలేదు. అంత సిగ్గన్నా మిగిలినందుకు అతణ్ని మెచ్చుకోవాలో ఏమో.

తమ్ముడు ఆ సీజన్ బాగా ఆడాడు. ఆ మాట చెప్పి తీరాలి. ఫోన్లో మ్యాచ్‌లు చూస్తూ బాపు చూపు తిప్పేవాడు కాదు. ఎడమవైపు నుంచి వాడు బంతి తీసుకుని వస్తుంటే పేరు తెలియని జనం వాడి నంబరు పెట్టి అరిచారు. ఆ జట్టు అసిస్టెంట్ కోచ్ ఒకాయన వాడి మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టాడు. కానీ జీతం సరిగా రాక ఆయన మధ్యలోనే మానేసి కేరళ వెళ్లిపోయాడు.

సీజన్ అయిపోయే ముందు ప్రాక్టీసులో వాడి చీలమండ మడతపడింది. బయటి దవాఖానలో చూపించుకుంటే ఆరు వారాలు ఆగితే మామూలుగా పరుగెత్తొచ్చన్నారు. క్లబ్బు డాక్టరు మాత్రం మరునాడే అన్‌ఫిట్ అని రాశాడు. సాయంత్రానికి హాస్టల్ గది ఖాళీ చేయించారు.

ఇంటికి ఆ ఒక్క మాటే చెప్పి పెట్టేసి, నాకు ఫోన్ చేసి వాడు ఏడ్చాడు. నేను స్కూలు వరండాలో నిలబడి వాడి ఏడుపు విన్నాను. ఇంటికి వచ్చి చూద్దును కదా, గుమ్మం ముందు చెప్పుల గుంపు. లోపల బాపు పళ్లెంలో జిలేబీ పెట్టి అందరికీ పంచుతున్నాడు.

"మన రుత్విక్ అన్‌ఫిట్ అయిండు!"

పక్కింటి సారవ్వ నోట్లో జిలేబీ పెట్టుకుని, "నీ కడుపు సల్లగుండ లింగవ్వా, పిల్లగాడు ఇంత జల్ది ఒడ్డెక్కిండు. నా కొడుకు సుత బంతాడితె ఎంత బాగుండు," అంది. అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది, సంతోషంతో. నేను పళ్లెం లాగి బయట పారేశాను. ఆ రోజు నుంచి నాకు తమ్ముడి మంచి ఓర్వలేని ఆడబిడ్డనని పేరు వచ్చింది. రానీ.

రుత్విక్ సంచితో ఇంటికి వచ్చినప్పుడు వీధిలోవాళ్లు వాడి భుజం తట్టారు. దావత్ అడిగారు. వాడు స్నానాల గదిలోకి పోయి నల్లా తిప్పి చాలాసేపు లోపలే ఉండిపోయాడు.

వారం గడిచినా క్లబ్బు నుంచి ఏమీ రాలేదు. "మనం పోయి కూసోవాలె," అన్నాడు అంజి కాక. నన్ను కూడా రమ్మన్నారు, ఇంగ్లీషు కోసం. రామగుండం స్టేషనులో రైలు కోసం నిలబడి ఉండగా బాపు కొడుకుకు కుంటడం నేర్పడం మొదలుపెట్టాడు.

"బరువంత కుడికాలు మీద ఎయ్యి. ఎడమది ఈడ్వాలె. అట్ల కాదురా, జర ముఖంల నొప్పి కనవడాలె. నేను బోర్డుల చేసిన తప్పు నువ్వు చెయ్యకు. మంచిగున్నవా అంటే మంచిగున్న అనకు."

"బాపూ, నాకు నిజంగ నొప్పే ఉంది," అన్నాడు రుత్విక్.

"ఉంటె సరిపోదు బిడ్డా. కనవడాలె."

క్లబ్బు ఆఫీసులో వేణుమాధవ్ మమ్మల్ని కూర్చోమనలేదు. అంజి కాక బల్ల గుద్దడానికి చెయ్యెత్తాడు గానీ, అక్కడ బల్ల అద్దానిది. చెయ్యి అట్లాగే దింపుకున్నాడు. ఆ షరతు కింద ఏమొస్తుందో చెప్పమని అడిగాడు. "ఏమీ రాదండీ. మీ అమ్మాయి అప్పుడే చదివి చెప్పింది కదా," అన్నాడు వేణుమాధవ్. అంజి కాక ముఖంలో రంగు పోయింది. బాపు మాత్రం చేతులు జోడించి నిలబడే ఉన్నాడు, కదలలేదు. ఆయన్ను అక్కణ్నుంచి కదిలించాలంటే ఏదో ఒకటి చెప్పాలని వేణుమాధవ్ అనుకున్నాడు కాబోలు. "మీ నంబరు రాసిపోండి. బొంబాయి హెడ్డాఫీసు నుంచి ఎవరైనా ఫోన్ చేస్తే మీ పరిస్థితి చెప్పుకోండి," అన్నాడు. బయటికి తోలడానికి అన్న మాట అది. తిరిగొచ్చాక అంజి కాక మా ఇంటికి రావడం మానేశాడు. బాపు మాత్రం ఆ ఫోన్ మాటనే పట్టుకుని వచ్చాడు.

అప్పటి నుంచి ఆయన ఫోన్ చొక్కా జేబులోంచి తీసేది లేదు. బాయిలోకి దిగేటప్పుడు అవ్వ చేతికిచ్చి, మోగితే ఏం చెప్పాలో చెప్పి పోయేవాడు. నేను రెండుసార్లు విడమరిచి చెప్పాను, ఫోన్ రాదని. "నీ నోట్ల మంచి మాటే రాదు," అన్నాడు.

ఈలోపు రుత్విక్ కాలు బాగైంది. దవాఖానవాళ్లు చెప్పినట్టే ఆరు వారాలకు వాపు పోయింది, నొప్పి పోయింది. వాడు మళ్లీ పొద్దున్నే స్టేడియానికి పోవడం మొదలుపెట్టాడు. హెడ్డాఫీసు తేల్చేదాకా నలుగురి ముందు ఉరకొద్దని బాపు బతిమాలాడు. వాడు వినలేదు. చాలా రోజుల తర్వాత ఒక సాయంత్రం అన్నం రెండోసారి పెట్టించుకుని, "అక్కా, ముందుకన్నా స్పీడు పెరిగింది. నిజం," అన్నాడు. నేను కూడా లోపల కొంచెం నమ్మాను.

ఆ ఆదివారం నేను బట్టలు ఆరేస్తున్నాను. బాపు ఫోన్ మోగింది. తెలియని నంబరు. బాపు లేచి నిలబడ్డాడు, చొక్కా గుండీలు పెట్టుకున్నాడు, అప్పుడు ఎత్తాడు. అవతల హిందీ. బాయిలో అన్ని రాష్ట్రాలవాళ్లతో పనిచేసిన మనిషి, బాపుకు హిందీ వచ్చు.

"హా సాబ్. రుత్విక్ కా బాప్. బుచ్చన్న," అన్నాడు. అవతలివాళ్లు ఏదో అడిగారు. బాపు గొంతు ఒక్కసారిగా వణికింది, ఆ వణుకులో సగం నిజం.

"బిల్‌కుల్ అన్‌ఫిట్ హై సాబ్. చల్ భీ నహీ సక్తా."

నేను తడి బట్ట చేతిలో పట్టుకుని వెనక్కి తిరిగాను. ఆయన ఆపలేదు. వాడు మెట్లెక్కలేడన్నాడు, రాత్రిళ్లు నిద్రపోడన్నాడు, ఇంక జన్మలో బంతి ముట్టలేడన్నాడు. బోర్డు ముందు తన కోసం చెప్పుకోలేకపోయినవన్నీ కొడుకు కోసం ఒక్క తప్పు లేకుండా చెప్పాడు. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

నేను ఫోన్ లాక్కున్నాను. "ఎవరండీ?" అన్నాను ఇంగ్లీషులో.

ముచుకుందా కాదు. బొంబాయి కాదు. కేరళలో ఒక క్లబ్బు. మా తమ్ముడి గురించి, ఇంటి నంబరుతో సహా, తమ కొత్త కోచ్ చెప్పాడట, నిరుడు ముచుకుందాలో వాడికి ఆట నేర్పినవాడు. ఆటగాళ్ల నమోదుకు ఆ సాయంత్రమే గడువట.

"ముచుకుందా వాళ్లు రాసే అన్‌ఫిట్ కాగితాలను మేం లెక్కచేయం మేడమ్," అన్నాడతడు. మర్యాదగానే మాట్లాడాడు. "వాళ్ల సంగతి అందరికీ తెలుసు. అందుకే ఇంటివాళ్లను ఒక్క మాట అడిగి టికెట్టు పంపుదామనుకున్నాం."

వాడు బాగున్నాడని చెప్పాను. ఇప్పుడు కూడా గ్రౌండులో ఉరుకుతున్నాడని, వీడియో పంపిస్తానని, మా నాన్న వేరే ఎవరో అనుకుని అట్లా చెప్పాడని, ఊపిరి తీసుకోకుండా చెప్పాను. మా దగ్గర అన్‌ఫిట్ అనే మాటకు అర్థం వేరని కూడా చెప్పాను. చెబుతుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు.

అతడు నన్ను మధ్యలో ఆపాడు. "తండ్రేమో నడవలేడని ఏడుస్తున్నాడు. అక్కేమో ఉరుకుతున్నాడంటోంది. నేను మావాళ్లకు ఏం చెప్పను మేడమ్? ఆ క్లబ్బు మాటైతే కొట్టిపారేసేవాణ్ని. కన్న తండ్రి మాట ఎట్లా కొట్టిపారేయను?" తర్వాత, వేరే అబ్బాయి ఒకడున్నాడని, తమ్ముడి ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోమని చెప్పి పెట్టేశాడు.

రుత్విక్ అప్పుడే గేటు తోసుకుని వచ్చాడు. స్టేడియం నుంచి ఇంటిదాకా పరుగు మీదే వచ్చినట్టున్నాడు, బనీను తడిసి ఒంటికి అంటుకుంది.

బాపు ఎదురెళ్లాడు. "ఫోన్ వచ్చింది బిడ్డా! హెడ్డాఫీసు నుంచి. ఈసారి తప్పు చెయ్యలె నేను. గట్టిగ చెప్పిన."

"ఏం చెప్పినవ్ బాపూ?"

"నడువరాదని చెప్పిన."

రుత్విక్ నా వైపు చూశాడు. నా ముఖంలోనే వాడికి సగం తెలిసిపోయింది. మిగతా సగం నేను చెప్పాను. ఏ క్లబ్బు, ఎవరు పంపారు, గడువు ఎప్పుడు, ఏమన్నారు, అంతా. చెప్పకుండా ఎట్లా దాచేది? వాడు అరుస్తాడనుకున్నాను, బాపు మీద చెయ్యి చేసుకుంటాడేమోనని కూడా భయపడ్డాను. అరిచినా బాగుండేది. వాడు మెల్లగా గడప మీద కూర్చుని, బూటు దారం ముడి విప్పడం మొదలుపెట్టాడు. ముడి రావడం లేదు. అయినా విప్పుతూనే ఉన్నాడు.

"ఇంకో క్లబ్బా?" అన్నాడు బాపు. నన్ను చూశాడు, వాణ్ని చూశాడు. "బొంబాయోళ్లు కాదా?"

అవ్వ వంటింటి గుమ్మంలో నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బాపు నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. అదే నంబరు నొక్కి చెవికి పెట్టుకున్నాడు. "నేను చెప్త. ఉరుకుతడని చెప్త. నా మాట ఇంటరు, ఇందాక ఇన్నరు గదా," అన్నాడు.

అటు మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. ఎత్తాక మళ్లీ తప్పు మాట రాకూడదని కాబోలు, బాపు ముందే చెప్పడం మొదలుపెట్టాడు. గోడకు ఎదురుగా నిటారుగా నిలబడి, "ఫిట్ హై సాబ్, మేరా బేటా ఫిట్ హై, పూరా ఫిట్ హై," అంటూనే ఉన్నాడు.